తపసుమాను ఎక్కిన గొంతు

ఊరగాయ సీసా మూత రాకపోవడంతో మొదలైంది. మా అత్త సుబ్బులమ్మ దాన్ని కొంగుతో పట్టి తిప్పింది, గడపకేసి తట్టింది, చివరికి వరండాలో పేపరు చదువుతున్న మామ ముందు పెట్టింది. మామ చెంగల్రాయుడు కుడిచేత్తో ఒకసారి తిప్పి, “మూత పట్టేసుకుండాది. ఇది రాదు” అని తేల్చేశాడు.

“పట్టేసుకునింది మూత కాదు, నీ మణికట్టు. పుత్తూరు కట్టు ఇప్పినప్పట్నుంచి అది సరిగ్గా తిరిగితే గదా.”

“నా చేతికేమొచ్చె? నువ్వే మూత వంకరగా బిగించినావు.”

“నలభై ఏండ్లుగా నేను బిగించిన మూతలు నేనే తీసుకుంటా ఉండా. ఈ పొద్దు ఒక్కటి తియ్యమంటే ఇంత పంచాయితీనా? తపసుకు ముందు నాలుగు దినాలు ఆ చేతిని దుప్పట్లో దాచుకోని తిరక్కుండా, గమ్మున మెడకు కట్టుకోని కూర్చోనుంటే ఎప్పుడో కుదురుకునుండేది.”

మామ పేపరు దించాడు. “ముందు కాదు. తర్వాత.”

“ఆఁ, తర్వాతే,” అని అత్త గబుక్కున సీసా తీసుకుని లోపలికి వచ్చేసింది. నేను దాన్ని వేడినీళ్ళలో ఒక నిమిషం తలకిందులుగా పెట్టి మూత తీసిచ్చాను. కానీ ‘ముందు’ అన్న మాట దగ్గర నా పెన్ను అప్పటికే ఆగిపోయింది.

అప్పుడు నేను నోటుపుస్తకంలో మామ పాటల జీవితం గురించి ప్రశ్నలు రాస్తున్నాను. తిరుపతిలో ఒక జానపద కళల సమితి ఆ నెల చివరి ఆదివారం ఆయనకు సన్మానం చేస్తోంది. సమితి కార్యదర్శి ఆదిమూలం గారు రిటైరైన లెక్చరరు. ఆయన సభల్లో ఉపన్యాసాలు ఉండవు. కళాకారుడి గురించి కాలేజీ పిల్లలకు ఇరవై ప్రశ్నల పోటీ పెడతారు, గెలిచిన పిల్లలే శాలువా కప్పుతారు. ప్రశ్నలూ జవాబులూ ఇంట్లోవాళ్ళు రాసి పంపాలి. “ఒక్క జవాబు తప్పున్నా పిల్లలు పట్టుకుంటారమ్మా” అని ఆయన ఫోన్లో రెండుసార్లు హెచ్చరించారు. నాకు చెప్పనక్కర్లేదు. బి.ఏ.లో చరిత్ర చదివి ఇరవయ్యేళ్ళుగా వంటింట్లోనే ఉన్నా, పాలప్యాకెట్టు మీద తేదీ చూడనిదే పొయ్యి మీద పెట్టను.

మామ పల్లెపాటగాడు. మేము ఉండేది చిత్తూరులో అయినా, మా సొంతూరు చిన్నకండ్రిగ, పూతలపట్టుకు దగ్గర. అక్కడి గుడికి ఎండాకాలంలో పద్దెనిమిది రోజుల తిరునాళ్ళు జరుగుతాయి. అందులో ఒకరోజు మైదానం మధ్యలో యాభై అడుగుల తాటిమాను పాతుతారు. అదే తపసుమాను. కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని, విల్లు తగిలించుకున్న వేషగాడు, శివుడి కోసం తపస్సుకు బయలుదేరిన వీరుడిగా మెట్టుకొక పద్యం పాడుతూ దాన్ని ఎక్కుతాడు. మెట్లు ఇరవై ఒకటి. కొసకు చేరడానికి రెండు గంటలు పడుతుంది. అక్కడ కట్టిన చిన్న మంచె మీద కూర్చుని పూజ చేసి, నిమ్మకాయలు కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. కాయ ఎవరి మీద పడితే వాళ్ళకు ఏడాది తిరిగేలోపల కడుపు పండుతుందని మా వైపు నమ్మకం. అందుకే వేషగాడు నలభై ఒక్క రోజులు దీక్షలో ఉంటాడు. మాంసం ముట్టడు, ఇంటి గడప తొక్కడు, కుడిచేతికి కంకణం కట్టుకుంటాడు.

1986 నుంచి 2018 దాకా ఆ మాను ఎక్కిన వేషగాడు మా మామ. ముప్పైమూడు సార్లు. సమితివాళ్ళు బ్యానరు మీద కూడా అదే అచ్చేయించారు. నా నోటుపుస్తకంలో మొదటి ప్రశ్న కూడా అదే.

ఆ వారం రోజులూ ఒక్కొక్క చిన్న సంగతీ అడిగి రాసుకుంటూ ఉంటే, ఇన్నేళ్ళు నేను ఎవరికి అన్నం పెడుతున్నానో నాకే తెలియలేదనిపించింది. మొదటి పదకొండేళ్ళు ఆయనకు మైకు లేదు. అయినా ఆఖరి పద్యం పక్క ఊరి బావి దగ్గర వినబడేదట. 1994లో పన్నెండో మెట్టు మీద ఉండగా వాన పట్టుకుంది. దిగమని కింద అందరూ అరిచారు. ఆయన దిగలేదు, ఎక్కనూ లేదు. గంటసేపు ఆ మెట్టు మీదే నిలబడి పన్నెండో పద్యాన్నే మళ్ళీ మళ్ళీ పాడాడు. వాన నిలిచాకే పదమూడో మెట్టు మీద కాలు పెట్టాడు. కిరీటాన్ని నేను వంటింటి త్రాసులో తూచాను, రెండు కిలోల మూడువందల గ్రాములు ఉంది. విసిరే నిమ్మకాయలు గూడూరు నుంచి రావాలి, లెక్కకు ఇరవై ఒకటి ఉండాలి. చిన్నప్పుడు మేకలు కాస్తూ గుట్ట మీది నుంచి గుట్ట కింది వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు వచ్చిందట. బడిలో చదివింది మూడో తరగతి. నోటికి వచ్చిన పద్యాలు నాలుగువందల పన్నెండు. నేను కూర్చోబెట్టి పాడించి లెక్కపెట్టాను. నాలుగువందలు దాటాక నా చెయ్యి నొప్పెట్టింది గానీ ఆయన గొంతు అలవలేదు.

ఇంకో సంగతి కూడా రాసుకున్నాను. సొంతవాళ్ళు పడుకున్న వైపు ఆయన ఎప్పుడూ కాయ వెయ్యలేదు. చెల్లెలు మూడేళ్ళు వరసగా వచ్చి పడుకున్నా వెయ్యలేదు. జనం ఒక మాట అనకూడదని.

తొమ్మిదో ప్రశ్న, మాను దిగుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నది ఏ యేడు? జవాబు 2009. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. విరిగిన చెయ్యికి పుత్తూరులో కట్టు కట్టించుకుని, మిగిలిన రోజుల పాట కూడా పూర్తిచేశాడని చుట్టాలందరూ చెప్పుకుంటారు.

ఆ 2009 నాది కూడా. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. నమ్మకమా కాదా అని తేల్చుకోలేకుండానే చిత్తూరు నుంచి వెళ్ళి, పచ్చచీర తడుపుకుని ఆ మట్టిలో పడుకున్నాను. కాయ వచ్చి నా భుజం మీద పడింది. మరుసటి ఏడు లోకేశ్వరి పుట్టింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా వాడాను, ఆ సంగతి దాచను. కానీ చెల్లెలికి కూడా వెయ్యని మనిషి కోడలి కోసం ఒక్కసారి నియమం తప్పాడని పదహారేళ్ళుగా మనసులో పెట్టుకున్నాను. ఇంట్లో మొదటి ముద్ద ఆయన తట్టలో వడ్డించేది అందుకే. ఆయన దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు అత్త ‘ముందు’ అంది.

“అత్తా, చెయ్యి తపసుకు ముందే ఇరిగిందా?” అని అడిగాను.

“కూర మాడతా ఉండాది సూడు,” అంది. పొయ్యి మీద కూర లేదు.

మామ దగ్గరికి వెళ్ళి అదే అడిగాను. “ముందయితేనేమి, తర్వాతయితేనేమి? ఇరిగింది ఇరిగిందేగదా.”

“ఇరిగిన చేత్తో యాభై అడుగులు ఎట్ల ఎక్కినారు మామా?”

“ముప్పైమూడని రాయి,” అని పేపరు ఎత్తుకున్నాడు. ‘ఎక్కినాను’ అని మాత్రం అనలేదు.

మరుసటి రోజు పదింటి బస్సుకు పూతలపట్టు వెళ్ళాను. అక్కడ కూడలిలో మునెయ్యకు లేత టెంకాయల బండి ఉంది. వయసులో ఉన్నప్పుడు చెట్లెక్కి కాయలు దింపేవాడు. తిరునాళ్ళలో మామ పక్కన తాళం వేసి వంత పాడేవాడు. ఏటా తపసుమానుకు మెట్లు కొట్టి, మోకులు బిగించేది కూడా అతనే. మామ గురించి ఇంటివాళ్ళకు తెలియనిది ఏదైనా ఉంటే అది మునెయ్యకే తెలియాలి.

“ఏమ్మా కోమలమ్మా, ఇంత ఎండలో వచ్చినావు? రాయుడన్న బాగుండాడా?” అంటూ కత్తి తీసుకుని కాయ చెక్కబోయాడు.

“బాగుండారు. 2009లో మాను ఎక్కింది ఎవురు మునెయ్యన్నా?”

కత్తి సగంలో ఆగింది. అతను చుట్టూ చూశాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు తప్ప ఎవరూ లేరు.

“ఆయన చెప్పినాడా?”

“లేదు. అత్త నోరుజారింది.”

“ఆడోళ్ళ కాడ రహస్యం పదహారేండ్లు నిలిచింది. అదే జాస్తి,” అని నవ్వాడు. నన్ను చెక్కబల్ల మీద కూర్చోబెట్టి చెప్పుకొచ్చాడు.

తపసు నాలుగు రోజులు ఉందనగా మామ చీకటితో గుట్టకు వెళ్తూ రాయి మీద జారాడు. కుడి మణికట్టు విరిగింది. ఇద్దరూ ఆటో కట్టించుకుని పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకొచ్చారు. దీక్షలో ఉన్నవాళ్ళు గుడి వెనక కొట్టంలోనే ఉంటారు కాబట్టి, దుప్పటి కప్పుకుంటే ఎవరికీ తెలియలేదు. మాను పాతేశారు. వేషం వేయగలిగినవాడు వేరే లేడు. ఆ ఏడు పడుకోవడానికి నలభైమందికి పైగా ఆడవాళ్ళు పేర్లు ఇచ్చి ఉన్నారు.

“‘ఒరే మునెయ్యా, ఎక్కేది నీకు తెలుసు, పాడేది నాకు తెలుసు’ అన్నాడు. ‘అన్నా, నేను దీక్షలో లేను. నిన్న రాత్రే కోడికూర తిన్యాను’ అన్నా. నిజంగా తిన్యానమ్మా! ఆయన తల పట్టుకున్యాడు. ‘ఎంత తిన్యావు?’ అని అడిగినాడు. కొంచెమయితే పర్వాలేదన్నట్టు!”

అతనితోపాటు నాకూ నవ్వు వచ్చింది.

“ఆయన చేతి కంకణం నాకు కట్టినాడు. మీ అత్త మొగానికి రంగు పూసింది, మీసం దిద్దింది. కిరీటం పెట్టినాక అద్దంలో సూసుకుంటే నేను యాడుండానో నాకే తెలీలేదు. యాభై అడుగుల కిందుండేవాళ్ళకు ఏం తెలుస్తాది? గొంతు ఎట్లాగూ చెట్లకు కట్టిన స్పీకర్లలో వస్తాది. పైనుంచి వచ్చిందా, కిందనుంచి వచ్చిందా, ఎవురు సూడబోయినారు?”

“మామ యాడ కూర్చున్నారు?”

“మాను మొదట్లో పూజసామాన్లు పెట్టే టెంకాయాకుల గుడిసె ఉంటాది సూడు, దాంట్లో. మైకు పెట్టుకోని.”

“ఆడ నుంచి మీరు కనబడరు గదా. మీరు మెట్టు ఎక్కింది ఆయనకెట్ల తెలుస్తాది?”

మునెయ్య కత్తి పక్కన పెట్టాడు. ఎడమ అరచెయ్యి తెరిచి, బండికి కట్టిన వెదురు బొంగు మీద ఆనించాడు.

“ఇట్లమ్మా. గుడిసె మధ్యలోనుంచే మాను పోతాది. ఇరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకోని, మంచి చెయ్యి మానుకు ఆనించినాడు. కండ్లు మూసుకున్యాడు. నేను పైన మెట్టు మీద కాలు పెడితే ఆ అదురు మానులో దిగి ఆయన చేతికి తగులుతాది. తగిలిన తక్షణం పద్యం ఎత్తుకుంటాడు. నేను తప్పు మెట్టు మీద కాలు పెట్టి ఎనక్కి తీసుకుంటే రాగం లాగి నిలబెడతాడు. ఏడో మెట్టు కాడ నాకు భయం పట్టుకుని నిలిచిపోయినా. ఆయనకది గూడా తెలిసిపొయింది. పద్యం ఆపి, పాటలోనే ‘భయమేల నాయనా, పైన సాముండాడు’ అని కలిపినాడు. జనం అది గూడా పద్యమే అనుకున్యారు. నా కొరకు పాడినాడని ఎవురికీ తెలీదు. అప్పుడు నేను నోరు తెరిస్తే నా గుండెకాయలోనుంచే ఆయన గొంతు వస్తా ఉన్నట్టుండాది. రెండుగంటలు. ఒక్క మెట్టు తప్పలేదు.”

ఆ రోజు ఆ గుడిసెకు పది అడుగుల దూరంలోనే పడుకుని ఉన్నాను. అరచేతితో ఒక మనిషి నడకను వింటూ ఆయన ఇరవై ఒక్క పద్యాలు పాడుతుంటే, నేను పైకి చూస్తున్నాను. ఏం చూశానని ఇన్నేళ్ళు అనుకున్నానో, అది నేను చూడనే లేదు. అసలు అద్భుతం ఆకుల వెనక జరిగింది.

“అయితే నా మీద కాయ వేసింది మీరు.”

మునెయ్య తల దించుకుని నవ్వాడు. “ఎక్కేముందు రాయుడన్న ఒకటే మాట చెప్పినాడు. ‘తూర్పు పక్క మా కోడలు పచ్చచీరతో ఉంటాది. ఆ పక్క మాత్రం ఎయ్యొద్దురా. నా ఇంటికి నేనే ఏసుకున్యానంటారు’ అని.”

“మరి?”

“అందరూ మొగం మట్టిలో పెట్టుకోని ఉండారు. నువ్వొక్కదానివి తల పక్కకు తిప్పి నా పక్కే సూస్తా ఉండావు, వేషం సరిగ్గా కట్టినారా లేదా అని పరీక్ష పెట్టేదాని మాదిరి. పట్టేసుకుంటావని భయమేసిందమ్మా. కాయ పడితే కండ్లు మూసుకుంటావని ఏసినా.” మళ్ళీ కత్తి చేతిలోకి తీసుకుంటూ, “అది సగం. నీకు బిడ్డ పుట్టాలని ఆయనకు ఆశ ఉండాదని నాకు తెలుసు. వెయ్యొద్దని చెప్పేటప్పుడు ఆ మొగం సూసినా. ఇన్నేండ్లూ కాయ ఏసే చెయ్యి ఆయనదే. ఆ యేడు చెయ్యి నాది గదా, ఆయన మాట నేనెందుకు ఇనాలనుకున్యా.”

బస్సు వచ్చి నిలబడ్డవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

“రాసేస్తావా కోమలమ్మా?” అని అడిగాడు. “రాయొద్దు. ఆ యేడు కాయ పడి పుట్టినోళ్ళు నీ బిడ్డ గాక పదకొండుమంది ఉండారు. కోడికూర తిన్నోడు ఏసినాడంటే వాళ్ళమ్మలు ఊరుకుంటారా?” అన్నాడు. మళ్ళీ తనే, వెదురుబొంగు మీద గోరుతో గీస్తూ, “నా పెండ్లాము శకుంతల ఆ దినం కిందనే ఉండాది. రాయుడన్న ఎంత బాగా ఎక్కినాడని ఇంటికొచ్చి నాకే చెప్పింది. ఆమె పోయేదాకా నేను చెప్పలా. ఒక్కోసారి అనిపిస్తాదమ్మా, ఒక్కరికన్నా తెలిసుంటే బాగుండునని.”

ఇంటికి వచ్చి ఇరవై ప్రశ్నలూ తెల్లకాగితం మీద శుభ్రంగా రాశాను. తొమ్మిదో ప్రశ్న తీసేసి దాని బదులు నిమ్మకాయల ప్రశ్న పెట్టాను. మొదటి ప్రశ్నకు జవాబు రాయలేదు. ముప్పైమూడని రాస్తే అబద్ధం. ముప్పైరెండని రాసే హక్కు నాకు లేదు. ఆయన ఇన్నేళ్ళు మోసిన సంఖ్యలోనుంచి ఒకటి తీసెయ్యాలంటే ఆయనే తియ్యాలి. మునెయ్య దగ్గరికి వెళ్ళొచ్చానని మాత్రం మామతో చెప్పాను. ఆయన ఆ రోజంతా ఎడమ అరచేతిని మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆదిమూలం గారికి కాగితం పంపాల్సిన రోజు రెండో శనివారం. అందరం ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం రాగిసంగటి, వేరుశనగలతో నూరిన ఊరిబిండి, పప్పుచారు. మా ఆయన మునిప్రసాద్ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సీజను కావడంతో ఒళ్ళంతా మామిడి వాసనతో వచ్చి కూర్చున్నాడు. లోకేశ్వరి ఆ కాగితం తీసుకుని తాతను ఒక్కొక్క ప్రశ్నా అడుగుతోంది.

“మొదటిది. తాతా, నువ్వు మాను ఎన్నిసార్లు ఎక్కినావు? అమ్మా, దీనికి జవాబు రాయలేదే?”

“ముప్పైమూడు గదా,” అన్నాడు మునిప్రసాద్. “బ్యానరు గూడా అచ్చయిపోయింది. ఏం కోమలా, నువ్వు మరచిపోవడమేంది?”

“మరచిపోలేదు,” అన్నాను. “మామ చెప్తే రాద్దామని.”

అత్త సంగటి ముద్ద చేస్తున్న చెయ్యి ఆపింది. మామ నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు.

“ముప్పైరెండు,” అన్నాడు.

“నాయనా, లెక్క తప్పినావు.”

“తప్పలేదురా. ఒగసారి ఎక్కింది మునెయ్య. నేను కింద కూర్చోని పాడినా. ముప్పైమూడని మొదట నేను చెప్పలా. ఎవురో చెప్పినారు. నేను కాదనలా. కాదనకుండా పదహారేండ్లు ఉండిపోయినా.”

మునిప్రసాద్ తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూశాడు. అత్త తట్టలోకి చూస్తూ, “రంగు పూసింది నేను” అంది.

“ఏ యేడు తాతా?” అంది లోకేశ్వరి.

“నువ్వు పుట్టేదానికి ముందుటేడు.”

“అంటే నా కాయ…”

“నీ కాయ మునెయ్య తాతది. నేను వద్దన్నా వినకుండా ఏసినాడు.” ఆ మాట అంటూ మామ మొదటిసారి నా వైపు తిరిగాడు. “నేనేసినాననే అనుకున్యావు గదమ్మా, ఇన్నేండ్లూ? అది గూడా నేను కాదనలా.”

“మీరు పాడినారు మామా,” అన్నాను. ఆయన తట్టలో ఇంకొక ముద్ద పెట్టాను.

“ఇప్పుడెందుకయ్యా ఇదంతా?” అంది అత్త. “పదకొండుమంది తల్లులు ఉండారు. దీక్ష లేనోడు ఏసినాడని దుమ్మెత్తి పోస్తారు. మునెయ్యను గూడా బతకనియ్యరు. తిరపతిలో అంతమంది ముందర నీ పరువేమి గాను?”

“పద్యం తప్పింటే పరువు పోయుండు. పద్యం తప్పలా, మెట్టు తప్పలా, పిల్లోళ్ళు పుట్టకుండా పోలా. తప్పింది ఒక్క పేరే.”

ఆయన ముద్దను పప్పుచారులో అద్దుకుని తిన్నాడు. తట్ట తుడిచినట్టు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కోకుండానే చెప్పాడు.

“కోమలా, ముప్పైరెండని రాయి. దాని కింద మునెయ్య ఒకటని రాయి. ఆదిమూలం సారుకు ఫోన్ చేసి బ్యానరు మార్చమను, స్టేజీ మింద ఇంకో కుర్చీ ఎయ్యమను. మునెయ్య రాకపోతే నేను రాను. ఒరే ప్రసాదూ, రేపు పొద్దున మనిద్దరం చిన్నకండ్రిగకు పోతాండాం. ఆ పదకొండు ఇండ్లకూ పోయి, సన్మానానికంటే ముందు నా నోటితో నేనే చెప్పొస్తాను.”